ఇంటి నుంచే ఉద్యోగం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆఫీసంటూ లేని సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి రెండు నెలలైంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయిన పావుగంటకల్లా నెట్ పోతోంది. గాలివాన వస్తే ఇక చెప్పక్కర్లేదు. ఇంకా పెద్ద ఇన్వర్టర్ కొనాలా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: కొనకండి. ఈసారి నెట్ పోగానే ఫైబర్ బాక్స్ దగ్గరికెళ్లి లైట్లు చూడండి. బాక్స్ వెలుగుతూనే ఉండి, ఎల్ఓఎస్ (LOS, అంటే సిగ్నల్ అందట్లేదని) అన్నచోట రెడ్ లైట్ వస్తే బయటి నుంచే సిగ్నల్ రావడం లేదు. పావుగంట ఆగి పోతోందంటే ఆపరేటర్ వైపు పరికరాలకు పెట్టిన బ్యాటరీ అయిపోతోందని గట్టిగా అనుమానించాలి. కొబ్బరిమట్ట పడి వైరు తెగినా ఇదే రెడ్ లైట్ వస్తుంది. కాకపోతే అప్పుడు కరెంటు వచ్చినా అది ఆరదు.

కరెంటు ఎన్నింటికి పోయింది, నెట్ ఎన్నింటికి పోయింది, నాలుగైదుసార్లు రాసిపెట్టుకుని ఆ కాగితం ఆపరేటర్‌కి చూపించండి. ‘నెట్ సరిగా రావట్లేదు’ అంటే మనిషిని పంపి రూటర్ మార్చి వెళ్తారు. టైములు చూపిస్తే బ్యాటరీ సంగతి చూడక తప్పదు.

కరెంటు పోయిన క్షణంలోనే నెట్ ఆగి, రెండు నిమిషాలకు వస్తుంటే అది వేరే సమస్య. ఇన్వర్టర్ అందుకునే లోపు రూటర్ ఆగి మళ్లీ మొదలవుతోంది. దీనికి రూటర్ల కోసం అమ్మే మినీ యూపీఎస్ చాలు. అడాప్టర్ మీద అంకెలు చదివాకే కొనండి. చాలావరకు 12 వోల్టులే ఉంటాయి గానీ, 9 వోల్టుల రూటర్‌కి 12 ఇస్తే కాలిపోవచ్చు. ఫైబర్ బాక్స్, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ ఇవ్వాలి. ఒకదానికే ఇచ్చి ‘పనిచేయలేదు’ అనుకునేవాళ్లు చాలామంది.

వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ కూడా సిద్ధంగా ఉంచుకోండి. వీడియో మీటింగ్‌కి గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. కెమెరా ఆపితే బాగా తగ్గుతుంది.

ప్రశ్న: రాత్రి 9 దాకా ఆన్‌లైన్‌లోనే ఉంటున్నాను. అయినా న్యూయార్క్‌లో ఉన్న మా లీడ్ ‘నువ్వేం చేస్తున్నావో తెలియట్లేదు’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: మీ పేరు పక్కన పచ్చచుక్క ఎంతసేపు వెలిగినా ఆయనకు మీ పని కనబడదమ్మా. మీరు రాసిందే కనబడుతుంది. చలికాలంలో న్యూయార్క్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మీరు మధ్యాహ్నం ‘హాయ్, ఒక డౌటు’ అని పెడితే ఆయన చూసేసరికి సాయంత్రం. ‘చెప్పు’ అని ఆయన రాసేసరికి మీరు లేచిపోతే రోజు పోయినట్టే. దాని బదులు ఇలా రాయండి:

‘పేమెంట్ బటన్ రెండుసార్లు నొక్కితే ఆర్డర్ రెండుసార్లు పడుతోంది. మొదటి నొక్కుతోనే బటన్ ఆపేయొచ్చు, లేదా సర్వర్‌లో ఆర్డర్ నంబర్ చూసి రెండోది తిప్పికొట్టొచ్చు. పేజీ రీలోడ్ చేస్తే మొదటిది పనిచేయదు కాబట్టి రెండోది మొదలుపెడుతున్నాను. వద్దనుకుంటే మా ఉదయం 10 లోపు చెప్పండి.’

ఆయన ఒక్క మాటతో తేల్చేయొచ్చు. జవాబు రాకపోయినా మీ పని ఆగదు. కోడ్ పూర్తయ్యేదాకా దాచుకోకుండా సగంలోనే డ్రాఫ్ట్‌గా, అంటే ఇంకా పూర్తికాలేదని చెప్పి, ఆయన చూసేలా పెట్టండి. ఆఫీసు లేకుండా నడిచే గిట్‌ల్యాబ్ కంపెనీ తన హ్యాండ్‌బుక్‌ని అందరికీ తెరిచి ఉంచింది. అందులో రాతపూర్వకంగా పనిచేయడం గురించిన భాగం తప్పక చదవండి.

రాత్రి 9 దాకా కూర్చోవడం మాత్రం మానేయండి, ఆరోగ్యం పాడవుతుంది. సాయంత్రం 6:30 అంటే వాళ్లకు చలికాలంలో ఉదయం 8, వేసవిలో 9. రోజూ కలవడానికి ఆ ఒక్క గంట అడగండి. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మారతాయి, ఆ సోమవారాల్లో మీటింగ్ టైము ముందే సరిచూసుకోండి.