18 ఏళ్ళకి నాట్యం మొదలుపెడితే ఆలస్యమా? నురెయెవ్ నిజంగానే 17 ఏళ్ళకి మొదలుపెట్టాడా?

మీ ప్రశ్న చదవగానే విజయవాడలో నేను కూచిపూడి క్లాసులో చేరిన రోజు గుర్తొచ్చింది. నాకప్పుడు 19 ఏళ్ళు. నా వరసలో ఉన్నవాళ్ళంతా ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు. వాళ్ళు అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు ఉండే భంగిమలో, హాయిగా కూర్చునేవాళ్ళు, నాకేమో తొడలు వణికేవి. మాస్టారు నన్ను గోడకి వీపు ఆనించి అరమండిలో నిలబెట్టి, తట్టుకర్రతో నెమ్మదిగా వంద లెక్కపెట్టేవారు. "రష్యాలో నురెయెవ్ అని ఒక బ్యాలే డాన్సరు 17 ఏళ్ళకి మొదలుపెట్టి అంతవాడయ్యాడురా" అని సీనియర్ ఒకతను ధైర్యం చెప్పాడు. ఆ మాట పట్టుకునే నెలల తరబడి నెట్టుకొచ్చాను. తర్వాత నురెయెవ్ గురించి చదివితే, అందులో సగమే నిజమని తెలిసింది.

రుడాల్ఫ్ నురెయెవ్ పుట్టింది 1938 మార్చి 17న, సైబీరియా మీదుగా పోతున్న రైల్లో. తాతార్ కుటుంబం, తండ్రి ఎర్రసైన్యంలో ఉండేవాడు. పెరిగింది రష్యాలోని ఉఫా అనే ఊళ్ళో, బాగా పేదరికంలో. ఆరేడేళ్ళప్పుడు వాళ్ళమ్మ ఫరీదా ఒక్క టికెట్టుతో పిల్లలందర్నీ అక్కడి థియేటర్లోకి తీసుకెళ్ళింది. ఆ రాత్రి బ్యాలే చూశాక అతనికి ఇంకో ధ్యాస లేదు. బడిలో జానపద నృత్యాలు చేశాడు. ఒకప్పుడు దియాగిలెవ్ అనే పేరున్న నిర్వాహకుడి బ్యాలే బృందంలో పనిచేసిన ఉదల్త్సోవా అనే ఆవిడ దగ్గర బ్యాలే పాఠాలు నేర్చుకున్నాడు. తండ్రికి ఇదంతా అస్సలు ఇష్టం లేదు. కాబట్టి 17 ఏళ్ళు వచ్చేసరికే అతని కాళ్ళకి ఆట తెలుసు. అతనికి ఆలస్యంగా దొరికింది పద్ధతైన చదువు.

ఆ చదువు కోసం 1955లో లెనిన్‌గ్రాడ్‌లోని (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) వగానోవా బ్యాలే బడికి వెళ్ళాడు. అక్కడ పిల్లల్ని పదేళ్ళకే చేర్చుకుంటారు. పరీక్ష చేసిన కొస్త్రోవిత్స్‌కాయా టీచరు, నువ్వు గొప్ప డాన్సరైనా అవుతావు, ఎందుకూ పనికిరాకుండానైనా పోతావు, రెండోదే ఎక్కువ అవకాశం అని మొహం మీదే చెప్పిందట. ఆరో తరగతిలో వేశారు. అలా ఒక్కో తరగతీ చదివితే పూర్తయ్యేలోపే సైన్యంలోకి పిలుస్తారని పోట్లాడి, ఎనిమిదో తరగతిలో అలెగ్జాండర్ పుష్కిన్ అనే గురువు దగ్గర చేరాడు. నన్నడిగితే అతని జీవితంలో అసలు అదృష్టం ఈ పుష్కినే. శిష్యుడి కాలికి దెబ్బ తగిలితే ఇంటికి తీసుకెళ్ళి పెట్టుకున్న గురువు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న డాన్సరు బరిష్నికోవ్ కూడా ఆయన శిష్యుడే.

మూడేళ్ళలో చదువు ముగించి 1958లో లెనిన్‌గ్రాడ్‌లోనే ఉన్న కీరోవ్ థియేటర్ బ్యాలే బృందంలో చేరాడు. తర్వాతి రోజుల్లో బ్రిటిష్ బ్యాలే తార మార్గో ఫాంటేన్‌తో కలిసి చేసిన 'లె కోర్సేర్' బ్యాలే వీడియో దొరికితే ఆపి ఆపి చూడండి, ముఖ్యంగా మడమలు. అప్పటి మగ డాన్సర్లు మడమ కొంచెమే ఎత్తేవారు. ఇతను ఆడవాళ్ళలా బాగా పైకెత్తి కాలు పొడుగ్గా కనబడేలా చేశాడు. దూకి దిగడంలో అతని కన్నా నునుపైనవాళ్ళు ఉన్నారు, అదే ఏడాది ఆ బడి నుంచే వచ్చిన యూరీ సొలొవ్యోవ్ ఒకరు. అయినా నా కళ్ళు నురెయెవ్ మీద నుంచి పక్కకి పోవు.

1961లో కీరోవ్ బృందంతో పారిస్‌కి ప్రదర్శనలకి వెళ్ళాడు. జూన్ 16న అక్కడి లె బూర్జే విమానాశ్రయంలో బృందమంతా లండన్ విమానం ఎక్కుతుంటే, నువ్వు మాస్కో వెళ్ళాలి అన్నారు సోవియట్ అధికారులు. ఇక దేశం బయటికి రానివ్వరని అర్థమై ఫ్రెంచ్ పోలీసుల దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పటికి 23 ఏళ్ళు. ఎనిమిది నెలలకే లండన్‌లో 42 ఏళ్ళ మార్గో ఫాంటేన్ పక్కన 'జిజెల్' బ్యాలే చేశాడు. ఆ జంట గురించి చాలామంది రాశారు, నేను వదిలేస్తున్నాను.

నన్ను కదిలించేది వేరే. సోవియట్ కోర్టు అతను లేకుండానే ఏడేళ్ళ శిక్ష వేసింది. పుష్కిన్ 1970లో పోయాడు, శిష్యుణ్ణి మళ్ళీ చూడలేదు. 1987లో రెండు రోజులకి అనుమతి దొరికి ఉఫా వెళ్ళేసరికి అమ్మ చివరి దశలో ఉంది, కొడుకుని సరిగ్గా గుర్తుపట్టలేకపోయింది. ఈ భాగం చదివినప్పుడు పుస్తకం మూసేసి మా అమ్మకి ఫోన్ చేశాను.

ఆరేళ్ళు పారిస్ ఒపేరా బ్యాలేని నడిపాడు. చివరిగా 1992 అక్టోబరులో అక్కడే 'లా బయాదేర్' బ్యాలే వేయించాడు. అది మన దేశంలో జరిగినట్టు అల్లిన దేవదాసి కథ, 1961లో పారిస్ అతనికి పట్టం కట్టింది కూడా అందులో యోధుడు సొలోర్ పాత్రకే. ఎయిడ్స్‌తో చిక్కిపోయి, ఆ రాత్రి ఇద్దరి ఆసరాతో వేదిక మీద నిలబడ్డాడు. 1993 జనవరి 6న, 54 ఏళ్ళకే పోయాడు.

మీరు నేర్చుకోవాలనుకుంటున్నది ఏ నాట్యమో రాయలేదు. కూచిపూడి అయితే 18 ఏళ్ళకి నిరభ్యంతరంగా చేరండి. మొదటి ఆరు నెలలు అడవులు, అంటే నాట్యంలో మొదట నేర్పే అడుగుల అభ్యాసాలు, తప్ప ఇంకేమీ అడగొద్దు. మోకాళ్ళలో నొప్పి పొడిచినట్టుంటే మాత్రం దాచుకోకుండా ఆ రోజే మాస్టారికి చెప్పండి. నేను సిగ్గుపడి చెప్పక రెండు నెలలు మంచాన పడ్డాను.