పాత కాలేజీ లైబ్రరీకి మిద్దె మరమ్మతు: చదువుకునేవాళ్లను బయటికి పంపకుండా ఎలా చేయాలి?

అడిగింది క్లుప్తంగా ఇది: నెల్లూరులో 100 ఏళ్ల నాటి కాలేజీ లైబ్రరీ. మద్రాస్ టెర్రస్ మిద్దె (టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో కట్టే పాతకాలపు కప్పు), ఒక హాలు, మూడు గదులు, 25,000 పుస్తకాలు. కప్పు కారుతోంది, గోడలు పెచ్చులు ఊడుతున్నాయి, వైరింగు పాతబడింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు రోజంతా కూర్చుంటారు కాబట్టి మూసే వీలు లేదు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

క్యాలెండరు దగ్గర. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌కి ఆపి దసరా వెళ్లాక మళ్లీ మిద్దె ఎక్కుదామనే లెక్క తెలంగాణలో చెల్లుతుందేమో గానీ నెల్లూరు, ఒంగోలు వైపు చెల్లదు. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అందుకే కప్పు పని సంక్రాంతి వెళ్లగానే మొదలై మే నెలాఖరుకు ముగియాలి. లోపలి గోడలు, వైరింగు జూన్ నుంచి ఆగస్టు వరకు చేసుకోవచ్చు. సెప్టెంబరు సగం దాటాక మిద్దెలో ఒక్క అడుగు కూడా తెరిచి ఉండకూడదు. టెండరు ఆలస్యమై ఏప్రిల్‌లో ఖరారైతే, ఆ ఏడు లోపలి పని మాత్రం చేయించి కప్పును వచ్చే జనవరికి వాయిదా వేయండి. నిధులు వెనక్కి పోతాయని పై నుంచి ఒత్తిడి వచ్చినా సరే. తడిసిన పుస్తకాలను ఏ నిధులూ తిరిగి ఇవ్వలేవు.

గదులను ఒక్కొక్కటిగా ఖాళీ చేసి పని చేయించాలి కాబట్టి, తర్వాత ఒక ఖాళీ గది కావాలి. మీ గదుల్లో అన్నిటికంటే పెద్దదాంట్లోని పుస్తకాలు పట్టి, ఇంకా పదో వంతు చోటు మిగిలేంత గది. అది కింది అంతస్తులోనే ఉండాలి. ఎందుకంటే క్లాసు రూముల అంతస్తుకు ఐఎస్ 875 (భవనాలు మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం) ప్రకారం లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 300 కిలోలు. 40 సెంటీమీటర్లు పొడవు, 30 వెడల్పు ఉన్న అట్టపెట్టెలో 15 కిలోల పుస్తకాలు పెట్టి, ఆరు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చితే చదరపు మీటరుకు 750 కిలోలు పడుతుంది. 'పైన ఖాళీ క్లాసు రూము ఉందిగా' అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. కింద కూడా నేల మీద నేరుగా పెట్టకండి. చెక్క పలకలు వేసి అరడుగు ఎత్తులో పెట్టండి.

నిజానికి పెట్టెల్లో కట్టేది ఎంత తగ్గితే అంత మేలు. పెట్టెలోకి వెళ్లిన పుస్తకం పని ముగిసేదాకా దొరకనట్టే. ఇష్యూ రిజిస్టరులో గడిచిన రెండేళ్లు తిరగేసి, బయటికి వెళ్లిన పుస్తకాలన్నీ ఒక జాబితా రాయండి. వాటికి సిలబస్ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు కలిపి హాల్లో ఒకే వరస ర్యాకుల్లో, వాడుకకు అందేలా పెట్టండి. తరలించే ముందు విద్యార్థులకు ఒక్కొక్కరికి మామూలు కంటే ఎక్కువ పుస్తకాలు సెమిస్టరు మొత్తానికి ఇచ్చేసి, జరిమానా రద్దు చేయండి. ఆ పుస్తకాలు వాళ్ల ఇళ్లలో భద్రంగా ఉంటాయి, మోసే బరువూ తగ్గుతుంది.

మిగతావి ట్రాలీ మీద, ర్యాకులో ఉన్న వరసలోనే, షెల్ఫు తర్వాత షెల్ఫుగా తరలించాలి. ప్రతి షెల్ఫుకూ గది, ర్యాకు, షెల్ఫు అంకెలతో చీటీ అతికించండి. ఉదాహరణకు 2-14-3. కొత్త చోట కూడా అదే చీటీ ఉండాలి. ఆ జాబితా కౌంటరు దగ్గరుంటే, అడిగిన పుస్తకాన్ని అటెండరు వెతుక్కోకుండా తీసుకురాగలడు. పాఠకుడు స్లిప్పు రాసి ఇస్తే ఉదయం 11కి ఒకసారి, సాయంత్రం 4కి ఒకసారి పుస్తకాలు తెప్పించే ఏర్పాటు చాలు. యాక్సెషన్ రిజిస్టరుతో (లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే పుస్తకం) సరిచూసే పని కూడా ఈ తరలింపులోనే పూర్తి చేయండి. ప్రతి పుస్తకం చేతికి వచ్చే అవకాశం మళ్లీ ఇన్నేళ్లకు గానీ రాదు. పుస్తకాల వివరాలు ఇంకా కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించకపోతే బార్‌కోడ్ అతికించడానికీ ఇదే సమయం.

పాత పత్రికల బైండు సంపుటాలను నిలువుగా పెట్టి మోయకండి. వేటపాలెం సారస్వత నికేతనంలో ఉన్నలాంటి పాత పత్రికలు మీ దగ్గరా ఉంటే, ఆ కాగితం అంచులు అప్పడంలా విరుగుతాయి. పడుకోబెట్టి, కింద అట్ట ఉంచి, ఇద్దరు పట్టుకుని జరపాలి. తాటాకు గ్రంథాలుంటే వాటిని ఈ గందరగోళం మొదలవక ముందే చెక్క బీరువాలో పెట్టి, తాళం వేసి, పక్క భవనానికి పంపండి.

పని జరిగే గదికీ చదువుకునే హాలుకూ మధ్య గోడ లాంటి తెర కట్టాలి. మన తీరంలో సరుగుడు కర్రలు చవక. నేల నుంచి కప్పు దాకా చట్రం కట్టి, రెండు వైపులా 200 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు బిగించి, అంచులు టేపుతో మూయండి. పని వైపు కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి గాలి బయటికి లాగితే దుమ్ము హాలు వైపు రాదు. ర్యాకుల మీద గుడ్డ కప్పి, దాని మీద ప్లాస్టిక్ వేయండి, కానీ కింద మాత్రం మూయకండి. పూర్తిగా మూస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. పగలగొట్టే పని ఉదయం 6 నుంచి తొమ్మిదిన్నర లోపు. హాలు తెరిచాక పూత, పాలిష్ లాంటి చప్పుడు లేని పనులే. ఈ షరతు ఒప్పందంలో రాయించాలి. నోటిమాటగా చెప్పింది రెండో వారానికి మిగలదు.

ఇక మిద్దె. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను సున్నంతో ఐమూలగా పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నంతో దట్టించి కొట్టిన కప్పు ఇది. కారుతోందని ఏళ్ల తరబడి పైన సిమెంటు పొర మీద పొర వేసి ఉంటారు. ప్రతి అంగుళం కాంక్రీటూ చదరపు మీటరుకు 60 కిలోలు అదనపు బరువు. ముందు ఒక మూల తవ్వి ఎన్ని పొరలున్నాయో చూడండి. దూలాల చివరలు గోడలోకి వెళ్లే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి పరీక్షించండి. పుచ్చు దాదాపు ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే గోడలోని చెమ్మను కొస పీల్చుకుంటుంది, అక్కడ గాలి తగలదు. దూలం మొత్తం మార్చక్కర్లేదు. కింద జాకీలు పెట్టి, పుచ్చిన కొస కోసి, ఎండిన టేకు ముక్కను అతుకు పెట్టి రెండు వైపులా ఇనుప పట్టీలతో బోల్టులు బిగిస్తే సరిపోతుంది. సాయంత్రానికి కప్పగలిగినంతే పొద్దున విప్పాలి.

పైన మళ్లీ ఇటుక జల్లి, సున్నమే వేయాలి. మందం 75 నుంచి 100 మిల్లీమీటర్లు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ కనీసం వారం రోజులు చెక్కలతో కొట్టాలి. చెక్క ఎగిరి వెనక్కి వచ్చిందంటే గట్టిపడినట్టు. వాలు 60 అడుగులకు అడుగు. ఈ పని తెలిసిన మేస్త్రీలు తక్కువ, వాళ్లను దొరికించుకోవడానికే నెల ముందు తిరగాలి. ఎస్టిమేటులో 'కప్పు మరమ్మతు' అని ఒక్క ముక్క రాస్తే కాంట్రాక్టరు సిమెంటే తెస్తాడు, కాబట్టి సున్నం పనిని విడి ఐటంగా, కొలతలతో రాయించండి.

గోడలకూ ఇదే. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, ఉప్పు వెనక చేరి రెండు మూడేళ్లలో పెచ్చు మొత్తం ఊడుతుంది. పూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు పెన్నా ఇసుక కలపాలి. తీరం దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వాడే ముందు పరీక్ష చేయించండి.

వైరింగు గది గదికీ విడి సర్క్యూట్‌గా, లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతో (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి). వెల్డింగు, గ్యాస్ కటింగు బయట ఆవరణలోనే. తప్పనిసరై లోపల చేస్తే పని ఆగాక గంటసేపు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. చెదల మందును నేలా గోడా కలిసే చోట 30 సెంటీమీటర్లకొక రంధ్రం వేసి పోయించాలి, అదీ గది ఖాళీగా ఉన్నప్పుడే.

సున్నం నెమ్మదిగా ఆరుతుంది. గోడ పైకి పొడిగా కనిపించగానే పుస్తకాలు తెచ్చేయాలని అందరికీ తొందర. గదిలో గాలిలోని తేమ కొలిచే హైగ్రోమీటరు ఒకటి వేలాడదీయండి. వరసగా రెండు వారాలు తేమ 65 శాతం లోపు నిలిస్తేనే ర్యాకులు లోపలికి. గోడకు ఆనించకుండా అరడుగు ఎడం వదలండి. చివరి బిల్లులో నిలిపి ఉంచే సొమ్మును పని ముగిసిన రోజున కాదు, ఒక ఈశాన్య వానాకాలం దాటి, జనవరిలో మిద్దె కింద నిలబడి చూశాకే విడుదల చేసేలా ఒప్పందం రాయించుకోండి.