మీరు అడిగారు: తెంగానన్ నూలు, పుట్టపాక నూనె

ఇండోనేషియాలోని బాలి ద్వీపపు తూర్పు భాగంలో తెంగానన్ అనే చిన్న పల్లె ఉందని, అక్కడ కూడా మన వైపు లాగే డబుల్ ఇక్కత్, అంటే నిలువు పోగుకూ (పడుగు) అడ్డపోగుకూ (పేక) ముందే ముడులు (చిటికి) కట్టి రంగులద్దిన బట్ట, నేస్తారని గత సంచికలో నాలుగు మాటలు రాశాము. దానిపై నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఇక్కడ జవాబిస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో మూడు తరాలుగా తేలియా రుమాళ్లు, అంటే నూనె పట్టించిన నూలుతో చేసే డబుల్ ఇక్కత్ బట్టలు, నేస్తున్నాము. పడుగుకూ పేకకూ రెండింటికీ చిటికి కట్టే పని మన దేశంలో తప్ప మరెక్కడా లేదని మా తాత అనేవాడు. మీరు రాసిన ఊరిలోనూ అదే పని ఉందంటే, ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నట్టు?
– ఒక నేత కార్మికుడు, పుట్టపాక

జవాబు: మీ తాతగారి మాటకు చిన్న సవరణ చాలు. నూలు దశలోనే పడుగుకూ పేకకూ ముడులు వేసి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీద రెండింటి బొమ్మనూ ఒకదానిపై ఒకటి కూర్చే విద్యకు నేడు పేరున్నవి భారతదేశం, ఇండోనేషియా, జపాన్. వేల దీవులున్న ఇండోనేషియాలో ఇది సంప్రదాయంగా నిలిచి ఉన్నది ఈ ఒక్క ఊరిలోనే. ఊరి పూర్తి పేరు తెంగానన్ పెగ్రింగ్‌సింగన్. కరంగాసెం జిల్లాలో, చాండీదాసా తీరానికి కొద్ది దూరంలో, కొండల నడుమ ఉంటుంది. వస్త్రం పేరు గెరింగ్‌సింగ్. ‘గెరింగ్’ అంటే జబ్బు, ‘సింగ్’ అంటే లేదు. ఆ బట్ట ఒంటి మీద ఉంటే కీడు దగ్గరికి రాదని వారి నమ్మకం.

ఇక ఎవరు ఎవరికి నేర్పారన్నది తేలని తగవు. గుజరాత్‌లో నేసిన పటోలా అనే డబుల్ ఇక్కత్ పట్టుబట్టలు శతాబ్దాల పాటు ఓడల్లో ఆ దీవులకు వెళ్లాయి కనుక విద్య కూడా వాటి వెంట వెళ్లి ఉంటుందని కొందరంటారు. అక్కడే పుట్టిందని మరికొందరంటారు. ఊరివాళ్లను అడిగితే తమ ఆడవాళ్లకు ఇంద్రుడే నేర్పాడని చెప్తారు. ఈ వాదన కన్నా నూనె సంగతి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

తేలియాకు ఆ పేరు నూనె వల్లనే వచ్చిందని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, అందులో నూలును పిసికి, ఎండబెట్టి, మళ్లీ పిసికే పని మీ వాకిట్లో రోజుల తరబడి సాగుతుంది. తెంగానన్‌లో కెమిరి అనే గింజల నూనె వాడతారు. దానిని కట్టెల బూడిద నీటితో కలిపి, అందులో నూలును ఆనవాయితీ ప్రకారం 42 రోజులు నాననిస్తారు. పత్తి నూలు ఎరుపును అంత సులభంగా పట్టుకోదు. నూనె, బూడిద క్షారం కలిసి పోగును సిద్ధం చేస్తేనే ఆ రంగు లోపలికి దిగి ఉతుకులకు నిలుస్తుంది. రెండు చోట్లా అవసరం ఒక్కటే కనుక ఉపాయమూ ఒక్కటే అయింది. రంగులు కూడా ఇంచుమించు అవే: మీకు ఎరుపు, నలుపు, తెలుపు, వారికి ఎరుపు, నలుపుకు దగ్గరైన నీలం, నూనెతో కాస్త పచ్చబారిన తెలుపు. వారి ఎరుపు తొగరు జాతి చెట్టు వేరు నుంచి వస్తుంది. ఇప్పుడు మన మందుల దుకాణాల్లో నోని రసం పేరుతో సీసాల్లో అమ్ముతున్నది ఆ చెట్టు పండునే. నీలిమందు అద్దకం మాత్రం ఆ ఊరి హద్దుల్లో నిషిద్ధం కనుక, ముడులు వేసిన నూలును పక్కనున్న బుగ్‌బుగ్ అనే ఊరికి పంపి నీలం వేయించుకునేవారు.

నేతలో మాత్రం తేడా పెద్దది. గుంట మగ్గం అక్కడ కనిపించదు. నేసే స్త్రీ నేల మీద కాళ్లు చాపి కూర్చుంటుంది. పడుగు ఒక కొస ఎదుటి దుంగకు, మరో కొస ఆమె నడుము వెనుక వేసుకున్న పట్టీకి తగిలి ఉంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. కొన్ని పేకలు పడగానే ఆగి, పడుగును వదులు చేసి, సన్నని మొనతో పోగులను ఒక్కొక్కటిగా పక్కకు జరిపి, ఎరుపు మీద ఎరుపు, తెలుపు మీద తెలుపు పడేలా సర్దుకుంటుంది. నూలు తీయడం నుంచి బట్ట పూర్తయ్యేదాకా కొన్నేళ్లు పట్టడం అక్కడ వింత కాదు. మన దగ్గర ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టడానికి, వేలసార్లు చేయి ఆడించే తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అలాంటి తొందర తెంగానన్‌లో పుట్టకపోవడానికి కారణం కింది జవాబులో ఉంది.

అన్నట్టు, ‘ఇక్కత్’ అనే మాటే మనది కాదు. ‘కట్టు’ అనే అర్థంలో మలయ్–ఇండోనేషియా భాషల నుంచి వచ్చింది. మీరు రాసిన ‘చిటికి’ చక్కని మాట. దయచేసి దానిని వదలకండి.

ప్రశ్న: బట్ట పూర్తి కావడానికి ఏళ్లు పడితే ఆ ఊరు ఏమి తిని బతుకుతుంది? పొలం ఎవరు దున్నుతారు?
– ఒక రైతు, నారాయణపేట

జవాబు: దున్నేది ఎక్కువగా పొరుగు ఊళ్లవాళ్లు. ఊరికి 900 హెక్టార్లకు పైగా, అంటే మన లెక్కలో 2,200 ఎకరాల పైచిలుకు భూమి ఉంది. బయటివారికి అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఊరి కట్టుబాటు ఒప్పుకోదు. వరి పొలాలను పక్క ఊళ్ల రైతులు పాలుకు చేస్తారు. ఊరికి రావలసిన ధాన్యం ఊరికి వస్తుంది. పచ్చి చెట్టును అనుమతి లేకుండా నరకరాదు. దురియన్ వంటి కొన్ని పండ్లను కోయరాదు, వాటంతట అవి రాలాలి.

ఇంత భూమి ఎలా వచ్చిందన్న దానికి ఒక కథ ఉంది. బాలిని ఏలిన బెదహులు రాజుగారి గుర్రం తప్పిపోతే, వెదకడానికి వెళ్లిన ఈ ఊరి పూర్వీకులకు అది చచ్చి కనిపించింది. దాని వాసన ఎంత దూరం వస్తే అంత నేల మీదేనని రాజు మాట ఇచ్చాడు. కొలవడానికి వచ్చిన అధికారి ఎంత నడిచినా వాసన తగ్గలేదు; ఎందుకంటే వెంట నడుస్తున్న ఊరిపెద్ద ఆ మాంసపు ముక్కను బట్టల్లో దాచుకున్నాడు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని వినోబా ముందు నిలబడిన జిల్లావాళ్లం కనుక, భూమి చేతులు మారే కథల్లో ఇలాంటిదీ ఒకటి ఉంటుందని విని నవ్వుకుంటాము.

ఊరి ఉమ్మడితనాన్ని చూసి వచ్చినవారు దానిని చాలా మెచ్చుకుంటారు. నాకు కొంత సందేహం ఉంది. సమానత్వం ఊరి చుట్టూ ఉన్న గోడ లోపలిది. నాగలి పట్టేవాడు గోడ బయటివాడు. బయటి ఊరి సంబంధం చేసుకున్నవారు గ్రామసభలో పూర్తి సభ్యత్వం కోల్పోవడం కూడా అక్కడి పాత కట్టుబాటే. అయితే తిండిగింజలకు బట్ట అమ్ముకోవలసిన అవసరం లేకపోవడం వల్లనే అంత నిదానపు నేత బతికిందన్నది నిజం. గెరింగ్‌సింగ్ మొదట వారి పూజలకు, పెళ్లిళ్లకు కట్టుకునే బట్ట. అమ్మకం, ముఖ్యంగా పర్యాటకులకు, తర్వాత వచ్చింది. పుట్టపాక నేతగాడికి వెనుక ఉమ్మడి పొలం లేదు, ముందు వ్యాపారి ఉన్నాడు. ఈ రెండింటి నాణ్యతను పోల్చవచ్చు గానీ కూలిని, వేగాన్ని పోల్చడం న్యాయం కాదు.

ప్రశ్న: మా అబ్బాయి సెలవులకు బాలి తీసుకెళ్తానంటున్నాడు. ఆ ఊరు చూడనిస్తారా? బట్ట కొంటే మోసపోకుండా ఎలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: చూడనిస్తారమ్మా. గోడ ద్వారం దాటితే ఉత్తరం వైపు మెట్లుమెట్లుగా ఎక్కే రాతి వీధులు ఉంటాయి, వాటిలో గేదెలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. తాటాకు మీద గంటంతో గీసి మసి రుద్ది బొమ్మలు అమ్మేవారి దగ్గర కాసేపు ఆగండి. మన తాళపత్రాల పద్ధతే. సాధారణంగా జూన్ ప్రాంతంలో వచ్చే ఉసాబా సంబా ఉత్సవంలో మగవాళ్లు ఒంటిపై చొక్కా లేకుండా, చేతిలో పేము డాలుతో, ముళ్ల మొగలి ఆకుల కట్టలతో ఇంద్రుడి పేర పోరాడతారు. గీరుకుపోయిన వీపులకు పసుపు, దుంపరాష్ట్రం నూరిన మందు పూస్తారు. తేదీ ఆ ఊరి సొంత పంచాంగం ప్రకారం మారుతుంది కనుక టికెట్టు కొనేముందు కనుక్కోండి.

దుకాణాల్లో ఇతర దీవుల బట్టలు కూడా ఉంటాయి. పడుగుకు మాత్రమే చిటికి కట్టిన బట్టలో అడ్డపోగు ఒకే రంగులో కనిపిస్తుంది. గెరింగ్‌సింగ్‌లో రెండు పోగులూ ఎరుపైన చోట ముదురు ఎరుపు వస్తుంది, కలవని చోట మసకబారుతుంది, రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. వెళ్లేముందు ఒక పూట పుట్టపాకలో తేలియాను వెలుతురుకు ఎత్తి చూడండి. అక్కడికి వెళ్లాక మీ కన్ను పొరబడదు.