‘హాని’ అంటే మొదట దెబ్బ కాదు, చేజారిపోవడం

‘హాని’ ఎక్కడి మాట, నష్టానికీ దానికీ తేడా ఏమిటి అని అడిగారు. నాకు ఆ తేడా నిఘంటువు చూసి తెలియలేదు, నవ్వులపాలై తెలిసింది. భోపాల్‌లో లెక్కల విభాగంలో చేరిన కొత్తలో ఒకరోజు మా పెద్ద గుమాస్తా కళ్లజోడు తీసి, పోయిన ఏడాది చాలా ‘హాని’ అయిందని హిందీలో అన్నారు. “అయ్యో, ఎవరికి ఏమైంది?” అని కంగారుగా అడిగాను. గదంతా నవ్వు. మన లాభనష్టాల ఖాతా అక్కడ ‘లాభ్-హాని ఖాతా’.

ఆ రాత్రి సంస్కృతం చదువుకున్న మా బాబాయికి ఫోను చేస్తే, అర్థాన్ని పక్కకు జరిపింది మనమే అన్నాడు. మూలం ‘హా’ ధాతువు, అంటే విడిచిపెట్టడం. చావు ఇంటి ముందు మైకులో వినిపించే ‘వాసాంసి జీర్ణాని యథా విహాయ’ శ్లోకంలో ‘విహాయ’ అంటే ‘విడిచి’. అదీ ఈ ధాతువుదే. ‘హీనం’ కూడా ఈ ఇంటిదే: బలం విడిచిపోయినవాడు బలహీనుడు. అలా చూస్తే హాని అంటే కోల్పోవడం. కొట్టడం, గాయపరచడం అందులో ఎక్కడా లేవు.

‘నష్టం’ పుట్టింది ‘నశ్’ ధాతువు నుంచి. దాని అర్థమూ పోవడమే. ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరు కోడళ్లలా ఈ రెండు మాటలూ తెలుగులో పనులు పంచుకున్నాయి. డబ్బు, పంట, ఆస్తి నష్టం వాటాకు వెళ్లాయి. ఒళ్లూ ఆరోగ్యమూ హాని వాటాకు. ‘పంట నష్టం’ అంటాం కానీ ‘పంట హాని’ అనం. సిగరెట్టు ఆరోగ్యానికి హానికరం, నష్టకరం కాదు. పరువు దగ్గర మాత్రం కోడళ్ల తగాదా ఇంకా తేలలేదు: జరిగింది మానహాని, కోర్టులో వేసేది పరువునష్టం దావా!

ప్రాణం విషయంలో పంపకం మరీ సున్నితం. తుపాను వెళ్లాక పత్రికలు లెక్కవేసేది ప్రాణనష్టం. పెద్దలకు ఇష్టంలేని పెళ్లి చేసుకున్న జంట పోలీసు స్టేషన్‌కు వెళ్లి చెప్పుకునేది ప్రాణహాని. జరిగిపోయింది నష్టం, పొంచి ఉన్నది హాని. ఇది వ్యాకరణ సూత్రమేమీ కాదు, వాడుకలో నాకు కనిపించినది. (గోదావరిలో కలిసే ప్రాణహితను పరీక్షలో ‘ప్రాణహాని’ అని రాసిన మిత్రుడు ఒకడున్నాడు. ఆ నది పేరుకు అంతకన్నా అన్యాయం ఇంకొకటి ఉండదు.)

ఇక తెలుగు సొంత మాటలు చేటు, కీడు. ‘పడు’ నుంచి ‘పాటు’ వచ్చినట్టే ‘చెడు’ నుంచి ‘చేటు’ వచ్చింది. కన్నడంలో ఈ చెడు, చేటులే కెడు, కేడు. వాళ్ల ‘కివి’ మనకు ‘చెవి’ అయినట్టే వాళ్ల ‘కెడు’ మనకు ‘చెడు’.

మా అమ్మమ్మ నోట ‘హాని’ విన్న గుర్తు లేదు. రాత్రిపూట కుక్క ఏడిస్తే ఊరికేదో కీడు అనేది. నేను ముందూ వెనకా చూడకుండా మాట్లాడితే “నీ నోరే నీకు చేటురా” అనేది. భోపాల్‌లో అంతమంది నవ్వుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది.