గెలిచిన ట్రేడులో దాక్కున్న తప్పు

ప్రశ్న: మాది పలాస. వయసు 34. బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో ఆన్‌లైన్ పోకర్ ఆడేవాణ్ణి. ఇప్పుడు ఇంటికొచ్చేసి నాన్నగారి జీడిపప్పు వ్యాపారం చూసుకుంటున్నాను. 14 నెలలుగా నిఫ్టీ వీక్లీ ఆప్షన్స్ (షేర్ల సూచీ నిఫ్టీ పెరుగుతుందనో పడుతుందనో వారం గడువుతో కొనే కాంట్రాక్టులు) కొంటున్నాను. రూ.3,40,000 పోయాయి. పది ట్రేడుల్లో ఆరు లాభంతోనే ముగుస్తున్నాయి, అయినా డబ్బు తరిగిపోతోంది. రాత్రిళ్లు చార్టులు ముందేసుకుని కూర్చున్నా తప్పెక్కడో తెలియడం లేదు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి రూ.2 లక్షలు తెచ్చి మళ్లీ మొదలుపెడదామనుకుంటున్నాను. నా తప్పులు నేనే పట్టుకోవడం ఎలా?

జవాబు: ముందు బంగారం సంగతి. దాన్ని బయటకు తీయకండి. ఏడాదికి 11 శాతం వడ్డీ అనుకున్నా రూ.2 లక్షల మీద నెలకు రూ.1,833 కట్టాలి. తప్పెక్కడుందో తెలియని ట్రేడింగ్‌కు వడ్డీ కూడా తోడైతే, నెల తిరిగేలోపు ఎలాగైనా సంపాదించాలన్న తొందర పుడుతుంది. ఆ తొందర మీ చేత ఇంకా ఎక్కువ లాట్లు (ఆప్షన్స్ అమ్మే కట్టలు) కొనిపిస్తుంది. కింద చెప్పిన లెక్కలన్నీ తేలేవరకు కొత్త ట్రేడు ఒక్కటి కూడా వేయకండి. తీరిగ్గా చేస్తే నెల రోజుల పని.

ఇక అసలు ప్రశ్న. చార్టులో మీ తప్పు దొరకదు. మార్కెట్ ఏం చేసిందో చార్టు చెబుతుంది. మీరేం చేశారో మీ ట్రేడ్‌బుక్‌లో, అంటే మీ కొనుగోళ్లు, అమ్మకాల జాబితాలో ఉంటుంది. పైగా ఫలితం తెలిశాక చూస్తే ప్రతి మలుపూ ముందే తెలిసిపోయి ఉండాల్సిందన్నట్టు అనిపిస్తుంది. ఆ భ్రమతోనే 'ఈసారి కచ్చితంగా పట్టుకుంటా' అని మళ్లీ దిగుతారు.

పోకర్ ఆడినవారికి ఇది ఒక లెక్కతో చెప్పొచ్చు. ఆఖరి ముక్క ఇంకా పడలేదు. మీ దగ్గర ఫ్లష్‌కు (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) నాలుగు ముక్కలున్నాయి. మీకు కనిపించని 46 ముక్కల్లో పనికొచ్చేవి 9, అంటే అవకాశం సుమారు 19.6 శాతం. ఎదుటివాడి పందెంతో కలిపి పాట్‌లో (మధ్యలో పోగైన పందెం డబ్బు) రూ.4,000 ఉంది. ఆటలో కొనసాగాలంటే మీరు రూ.1,500 వేయాలి. ఆ తర్వాత ఇంకేమీ రాబట్టే వీలు లేదనుకుంటే, 1,500ను 5,500తో భాగించండి: కనీసం 27 శాతం అవకాశం ఉంటేనే ఆ డబ్బు వేయడం సబబు. 19.6 శాతంతో వేస్తే, ముక్క పడి మొత్తం పాట్ మీ చేతికొచ్చినా అది తప్పే. మీ వ్యాపారంలో మాత్రం వేరేనా? తేమ చూడకుండా, నాలుగు పిక్కలు కోసి చూడకుండా 80 కిలోల బస్తాలు లారీకి ఎత్తించేస్తే, ఆ వారం పప్పు ధర పెరిగి లాభం వచ్చినా మీ నాన్నగారు ఆ కొనుగోలును మెచ్చుకోరు.

ఆప్షన్స్‌లో ఇంకో చిక్కుంది. పేక కట్టలో ముక్కలెన్నో అందరికీ తెలుసు కాబట్టి అక్కడ అవకాశాన్ని లెక్కగట్టొచ్చు. మార్కెట్‌లో ఆ అంకె ఎక్కడా రాసి ఉండదు. అందుకే మీ నిర్ణయాన్ని ట్రేడు వేయకముందే, ఫలితం తెలియకముందే కాగితం మీద పెట్టాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసేది నమ్మదగ్గది కాదు. లాభమొచ్చిన ట్రేడుకు మంచి కారణం, నష్టమొచ్చిన దానికి దురదృష్టం అంటగట్టుకోవడం అందరికీ ఉన్న అలవాటే.

మొదటి పని: మీ బ్రోకర్ వెబ్‌సైట్ నుంచి 14 నెలల లెడ్జర్ (డబ్బు రాకపోకల పద్దు), ట్రేడ్‌బుక్ ఎక్సెల్‌లో దించుకోండి. లెడ్జర్‌లో బ్యాంకు నుంచి వచ్చినదంతా కూడి, బ్యాంకుకు వెనక్కి వెళ్లినదీ ఇప్పుడు ఖాతాలో ఉన్నదీ తీసేయండి. మిగిలేదే మీ నిజమైన నష్టం. యాప్ తెర మీద కనిపించే లాభనష్టాల్లో చాలాసార్లు ఛార్జీలు కలపరు, మీరు రాసిన రూ.3,40,000 ఏ లెక్కో ముందు తేల్చుకోండి. ఆర్డరుకు రూ.20 బ్రోకరేజీ తీసుకునే ఖాతా అయితే కొనడానికీ అమ్మడానికీ కలిపి రూ.40, దానిపై 18 శాతం జీఎస్టీతో రూ.47.20. రోజుకు ఆరు ట్రేడులు, నెలకు 20 రోజులు అనుకుంటే నెలకు రూ.5,664. 14 నెలలకు రూ.79,296. ఎస్‌టీటీ (లావాదేవీల పన్ను), ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, స్టాంపు డ్యూటీ దీనికి అదనం. మార్కెట్ ఎటు పోయినా ఈ డబ్బు పోవలసిందే. అందుకే అతిగా ట్రేడు చేయడం దానికదే ఒక తప్పు.

రెండో పని: పదికి ఆరు గెలుస్తున్నారన్న అంకెను పక్కన పెట్టి, సగటు లాభమెంత, సగటు నష్టమెంత చూడండి. ఉదాహరణకు గెలిచినప్పుడు సగటున రూ.900 వచ్చి, ఓడినప్పుడు రూ.1,800 పోతోందనుకుందాం. 60 శాతం గెలుపుల వల్ల ట్రేడుకు రూ.540 వస్తుంది, 40 శాతం ఓటముల వల్ల రూ.720 పోతుంది. ఛార్జీలు మరో రూ.60. అంటే ట్రేడు వేసిన ప్రతిసారీ సగటున రూ.240 పారేస్తున్నట్టే. పది ట్రేడుల్లో ఆరు గెలిచేవారి డబ్బు కరిగిపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఇదే. చిన్న లాభాన్ని చేజారిపోతుందని వెంటనే తీసుకుంటారు, నష్టాన్ని మాత్రం తిరిగొస్తుందని వదిలేస్తారు.

మూడో పని మీద ఎక్కువ సమయం పెట్టండి. చివరి 60 ట్రేడులు ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. తేదీ, కొన్న సమయం, ప్రీమియం (ఆప్షన్ ధర), లాట్లు, ఎక్కడ బయటపడాలనుకున్నారు, ఎక్కడ బయటపడ్డారు, అంతకుముందు ట్రేడు ముగిసి ఎన్ని నిమిషాలైంది. లాభనష్టాలు పేజీ కుడి చివర రాయండి. ఎక్కడ బయటపడాలనుకున్నారో గుర్తులేకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీలు ఎక్కువైతే మీ మొదటి తప్పు దొరికినట్టే: దిగేముందు బయటి దారి చూసుకోలేదు.

తర్వాత కుడి అంచు లోపలికి మడిచి, ఫలితం కనపడకుండా చేసి, ఒక్కో వరుసా చదవండి. 'ఈ వివరాలతో ఇవాళైతే ఈ ట్రేడు వేస్తానా?' అని మిమ్మల్ని మీరే అడిగి అవును, కాదు అని రాయండి. అవును అంటే పద్ధతిగా వేసినట్టు, కాదు అంటే పద్ధతి తప్పినట్టు. మీ ఇంట్లోవాళ్లో, లెక్క తెలిసిన స్నేహితుడో పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. పేజీ విప్పాక ట్రేడులు నాలుగు రకాలుగా విడిపోతాయి: పద్ధతిగా వేసి గెలిచినవి, పద్ధతిగా వేసి ఓడినవి, పద్ధతి తప్పి ఓడినవి, పద్ధతి తప్పి గెలిచినవి.

ఈ చివరి రకమే అన్నిటికన్నా ప్రమాదం. లాట్‌కు 65 యూనిట్లు, ప్రీమియం రూ.120 అనుకుందాం. పెట్టుబడి రూ.7,800. రూ.90 దగ్గర అమ్మేయాలనుకున్నారు, అంటే పోతే రూ.1,950. ధర 90కి వచ్చింది, మీరు స్టాప్‌లాస్ (నష్టం ఆపడానికి అమ్మేయాలనుకున్న ధర) కిందికి జరిపారు. 60కి దిగింది, మళ్లీ లేచి 140 అయింది. రూ.1,300 లాభంతో బయటపడ్డారు. ఆ సాయంత్రం మీరు నేర్చుకున్నదల్లా స్టాప్‌లాస్ జరిపితే మంచి జరుగుతుందని. ఇంకోసారి అలాగే జరిపితే ప్రీమియం సున్నా అయి రూ.7,800 మొత్తం పోతుంది. పద్ధతిగా ఒప్పుకున్న నష్టాలు నాలుగైతే ఎంతో, ఈ ఒక్కటీ అంత. నోటుబుక్కులో ఇలా గెలిచినవాటికి ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి, వాటిని లాభాల కింద లెక్క వేసుకోకండి.

పద్ధతి తప్పినవాటిలో సమయం గడి చూడండి. నష్టంతో బయటపడిన 15 నిమిషాల్లోపే మళ్లీ కొన్నవి, అదీ మునుపటికన్నా ఎక్కువ లాట్లు కొన్నవి వేరుగా కూడండి. ఓడిన కోపంలో ఆడటాన్ని పోకర్ టేబుల్ దగ్గర టిల్ట్ అంటారే, అదే ఇది. మనసు గట్టి చేసుకుంటానంటే సరిపోదు, చేతికి అడ్డుకట్ట వేయాలి. చాలామంది బ్రోకర్లు ఖాతాలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) విభాగాన్ని తాత్కాలికంగా ఆపే కిల్ స్విచ్ ఇస్తున్నారు. రోజులో రెండు నష్టాలు వస్తే దాన్ని నొక్కేయాలని ముందే రాసిపెట్టుకోండి.

ఇంకో గుట్ట వేరు చేయాలి: దిశ సరిగ్గా ఊహించినా డబ్బు పోయిన ట్రేడులు. ఆర్‌బీఐ పాలసీ రోజునో బడ్జెట్ ముందో కాల్ (పెరుగుతుందని కొనే ఆప్షన్) కొన్నారు, నిఫ్టీ పెరిగింది, అయినా ప్రీమియం పడిపోయింది. ప్రకటన ముందున్న అనిశ్చితికి ప్రీమియంలో అదనపు ధర ఉంటుంది, ప్రకటన వెలువడగానే అది దిగిపోతుంది. నిఫ్టీ వీక్లీ గడువు మంగళవారం. ఆ రోజు కొన్న ఆప్షన్‌లో కాలం విలువ (గడువుకు మిగిలిన సమయానికి కట్టే ధర) గంటగంటకూ కరుగుతుంది. కాబట్టి ట్రేడులను వారంలో ఏ రోజు వేశారో ఆ రోజుల వారీగా కూడా కూడి చూడండి. ఇవి క్రమశిక్షణ లోపాలు కావు, విషయం తెలియకపోవడం వల్ల వచ్చినవి. వీటికి మందు చదువు. స్టాప్‌లాస్ జరిపే అలవాటుకు ఎంత చదివినా లాభం లేదు, దానికి కట్టుబాటే మందు. రెంటినీ కలిపేస్తే ఏళ్ల తరబడి కోర్సులు కొంటూనే ఉంటారు.

కొన్ని ట్రేడుల ఫలితం చూసి బాగుపడ్డాననుకోకండి. నాణెం 20 సార్లు ఎగరేస్తే 12 లేదా అంతకన్నా ఎక్కువసార్లు బొమ్మ పడే అవకాశమే దాదాపు నాలుగోవంతు ఉంటుంది. బాగుపడ్డారా లేదా అన్నది ఎర్ర ఇంకు గుర్తులు తగ్గడంలో చూడాలి.

డబ్బు పరిమాణం గురించి ఒక కొలత. ట్రేడింగ్‌కు లక్ష కేటాయిస్తే ఒక ట్రేడులో పోగొట్టుకోగలిగేది వెయ్యి, అంటే ఒక శాతం. 65 యూనిట్ల లాట్‌కు అది ప్రీమియంలో రూ.15 మాత్రమే. మీ పద్ధతికి రూ.30 దూరం కావాలంటే ఒక్క లాట్ కూడా మీ డబ్బుకు పెద్దదే. అప్పుడు సరైన నిర్ణయం ట్రేడు వేయకపోవడం. ఆ లక్ష కూడా మీ మిగులు లాభంలోంచి రావాలి. మార్చి నుంచి మే దాకా పిక్కల కొనుగోళ్లకు కావలసిన డబ్బు, బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ పరిమితి ట్రేడింగ్ ఖాతా దరిదాపుల్లోకి రాకూడదు. వ్యాపారానికి ఇచ్చిన అప్పును ఇటు మళ్లిస్తే బ్యాంకు షరతులు కూడా తప్పినట్టవుతుంది. ఇప్పటిదాకా డబ్బు ఏ ఖాతా నుంచి వెళ్లిందో లెడ్జర్‌లో తప్పకుండా చూడండి.

ఇవన్నీ చేశాక 60 ట్రేడులు కాగితం మీదే వేయండి. ముందు కారణం, బయటి దారి, తర్వాతే ఫలితం. వాటిలో పద్ధతి తప్పినవి మూడు మించితే, లేదా ఛార్జీలు పోను సగటు సున్నా కన్నా తక్కువుంటే, ఆప్షన్స్ మానేయమనే నా సలహా. ఇది మీ తెలివిని తక్కువ చేయడం కాదు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఛార్జీలతో కలిపి సగటు నష్టం సుమారు రూ.2 లక్షలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. 2024-25లోనూ 91 శాతం మంది నష్టపోయారు. బదులుగా పోకర్‌కు తిరిగి వెళ్లే దారి కూడా లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. నైపుణ్యమైనా అదృష్టమైనా తేడా లేకుండా కేంద్రం 2025లో దేశమంతటా నిషేధించింది.

పోయిన డబ్బులో కొంత పన్ను రూపంలో కలిసొస్తుంది, దాన్ని వదులుకోకండి. ఎఫ్ అండ్ ఓ నష్టం వ్యాపార నష్టం కిందికి వస్తుంది. అదే ఏడాది జీడిపప్పు వ్యాపారం మీ పేరున ఉంటే ఆ లాభంలోంచి తగ్గించుకోవచ్చు. మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు, రిటర్ను గడువులోపు వేస్తేనే. ఫారం ఐటీఆర్-3. వ్యాపారం నాన్నగారి పేరున ఉంటే, లేదా లెక్కలు రాయకుండా అంచనా లాభం మీద పన్ను కడుతుంటే లెక్క మారుతుంది. లెడ్జర్, ట్రేడ్‌బుక్ రెండూ పట్టుకెళ్లి ఆడిటర్‌తో మాట్లాడండి.

చివరగా ఒక ప్రశ్న, దీనికి మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. ఈ రూ.3,40,000 సంగతి ఇంట్లో తెలుసా? దాస్తున్నారంటే, పోయినదాన్ని రాబట్టడానికే అప్పు చేయాలనిపిస్తోందంటే, ట్రేడు వేయని రోజు చేతులు ఆడకపోతే, అది నోటుబుక్కుతో తీరేది కాదు. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బంగారం ఎవరిదో వారికి, బీరువా తాళం అడగక ముందే, ఈ లెక్క మొత్తం చూపించండి.