సమాధానం: మేడారంలో ఏఆర్ బొమ్మ జారిపోతోందా?

పిల్లలకు సమ్మక్క, సారలమ్మల కథ చూపిద్దామంటే జంపన్నవాగు దగ్గర ఏఆర్ బొమ్మ (ఫోన్ కెమెరాలో చూస్తే ఎదురుగా ఉన్న చోటు మీదే ఉన్నట్టు కనిపించే బొమ్మ) ఉన్నచోట నిలవక జారిపోతోందని, సిగ్నల్ కూడా అందట్లేదని రాశారు కదండీ. జీపీఎస్‌ను నమ్ముకోకండి, చెట్ల కింద అది మీటర్ల కొద్దీ తప్పుతుంది. గీతలు ఎక్కువున్న బొమ్మను అట్ట మీద ప్రింట్ చేసి, దాన్నే మార్కర్‌గా, అంటే కెమెరా చోటును గుర్తుపట్టే ఆనవాలుగా పెట్టండి. లామినేషన్ మాత్రం వద్దు. ఎండకు మెరిస్తే కెమెరా గుర్తుపట్టదు. సీన్లన్నీ హనుమకొండలోనే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ టెన్షన్ ఉండదు.

ఇంకో మాట, అమ్మవార్లకు త్రీడీ విగ్రహాలు చేయకండి. గద్దెల మీద విగ్రహాలే ఉండవు. జాతరలో సమ్మక్క చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది, సారలమ్మ కన్నెపల్లి నుంచి. ఫోన్‌లో ఆ దారులు గీసి చూపిస్తే చాలు, పిల్లలు తలెత్తి గుట్ట వైపు చూస్తారు. కథ మాత్రం కోయ పెద్దల అనుమతితో వాళ్ల గొంతులోనే రికార్డ్ చేయండి. వాగు ఒడ్డున ఫోన్ మీ చేతిలోనే ఉండాలి సుమా!