గళ్ళ కాగితం: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి అత్త దీవించి రాయునది.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసులోనే ఉండిపోయింది. "ఒకటో తారీఖున కొంత పక్కన పెడతాను అత్తా, ఇరవై వచ్చేసరికి అందులోంచే గ్యాసు, అందులోంచే ఆటో. అసలు ఎంత దాచానో నాకే తెలియదు" అన్నావు. వచ్చే జూన్‌కి పిల్లలిద్దరి స్కూలు ఫీజు 48,000, ఈసారి అప్పు చెయ్యనని నీ పట్టుదల. నెట్‌లో దొరికే గళ్ళ కాగితం ప్రింట్ తీసి, దాచినప్పుడల్లా ఒక గడికి రంగు వేస్తే నిజంగా డబ్బు నిలుస్తుందా అని అడిగావు. నిలుస్తుంది తల్లీ. ఎలా వాడాలో వివరంగా చెప్పాలని ఉత్తరం రాస్తున్నాను, ఫోన్‌లో అయితే సగం మర్చిపోతావు.

మీ నాయనమ్మకి చదువు రాదని నీకు తెలుసు కదా. పాల లెక్క వంటింటి గోడ మీద బొగ్గుతో గీసేది. పూటకో గీత, పాలు రాని పూట సున్నా. నెలాఖరుకి పాలవాడు వచ్చి నిలబడితే ఇద్దరూ గోడ చూసేవాళ్ళు, లెక్క తేలిపోయేది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక మా నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి అని రోజుకో రూపాయి దాచే సంఘాలు వచ్చాయి. మా వీధి సంఘం పుస్తకం నేనే రాసేదాన్ని. నెలకి ముప్పై రూపాయలు కట్టించుకుని అంకె వేసేదాన్ని. ఒకామె ఒకరోజు, "నాకు అంకెలు తెలియవమ్మా, నా పేరు పక్కన నెలకో గీత కూడా గియ్యి, లెక్కపెట్టుకుంటాను" అంది. ఆ నెల నుంచి అందరికీ గీశాను. మీటింగుకి రాగానే ముందు ఎవరి గీతలు వాళ్ళు వేలితో తడిమి చూసుకునేవాళ్ళు. కట్టని నెల ఖాళీగా కనబడేది. ఎవరూ ఒక్క మాట అనకుండానే మరుసటి నెల రెండూ కలిపి తెచ్చేవాళ్ళు. ఇప్పుడు నీ ఫోన్‌లో జీతం, అద్దె, కూరలు, ఫీజు డబ్బు అన్నీ కలిసి ఒకే అంకెగా కనిపిస్తున్నాయి. అందులో నువ్వు దాచింది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? తెలియనిదాన్ని ఎలా కాపాడుకుంటావు?

ఇక నీ కాగితం సంగతి. గడి విలువ ఎంత పెట్టాలన్నదే అన్నిటికన్నా ముఖ్యం. 48,000 కి గడి 500 పెట్టుకో. 96 గళ్ళు వస్తాయి. వరసకి పన్నెండు చొప్పున ఎనిమిది వరసలు. వారానికి రెండు గళ్ళు నింపితే 48 వారాలు పడుతుంది. జూలై మొదట్లో మొదలుపెడితే మే చివరికి అయిపోతుంది. ఒక్కో వరస ఆరు వారాల పని. నేను మొదటిసారి చేసినప్పుడు గడి వెయ్యి రూపాయలు పెట్టుకున్నాను. అప్పటి మా సంపాదనకి నెలకి ఒక్క గడి నిండటమే గగనం. రోజూ ఆ ఖాళీ కాగితాన్ని చూస్తుంటే ఏడుపొచ్చేది. రెండు నెలలకే తీసేశాను. వారం తిరిగేలోపు కనీసం ఒక గడికైనా రంగు పడాలి. పడకపోతే గడిని ఇంకా చిన్నది చెయ్యి, 250 అయినా ఫర్వాలేదు.

బిస్కెట్ల డబ్బాలో రెండు వేలు ఉన్నాయన్నావు కదా, వాటిని మొదటిరోజే లెక్కలోకి తీసుకుని నాలుగు గళ్ళు నింపెయ్యి. ఖాళీ కాగితంతో మొదలుపెట్టకు. అమెరికాలో నూనెస్, డ్రెజ్ అనే ఇద్దరు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. కార్లు కడిగే చోట, కొన్ని ముద్రలు పడితే ఒకసారి ఉచితంగా కడుగుతామని కార్డులిచ్చారు. కొందరికి ఎనిమిది ఖాళీ గళ్ళు, మరికొందరికి పది గళ్ళలో రెండింటికి ముందే ముద్ర. ఎవరికైనా ఇంకా కావలసింది ఎనిమిదే. అయినా ఖాళీ కార్డు వాళ్ళలో 19 శాతం పూర్తిచేస్తే, రెండు ముద్రలున్న వాళ్ళలో 34 శాతం పూర్తిచేశారు. ఇది చదివినప్పుడు నాకు మా సంఘంలో మొదటి గీత పడ్డ ఆడవాళ్ళ మొహాలే గుర్తొచ్చాయి.

రంగు ఎప్పుడు వెయ్యాలో గట్టిగా చెబుతున్నాను, విను. డబ్బు చోటు మారాకే రంగు. "ఈ వారం వేస్తాలే" అనుకుని ముందే పెన్సిల్ పట్టుకోకు. ఒక ఏడాది నేను కందిపప్పు డబ్బాలో పెట్టిన వెంటనే రంగు వేసేదాన్ని. దసరాకి అందులోంచి తీశాను, కాగితం మాత్రం అలాగే ఉంది. చివరికి కాగితంలో పద్నాలుగు గళ్ళు, డబ్బాలో తొమ్మిది గళ్ళ డబ్బు. ఆ రోజు నుంచి ఆ కాగితం మీద నాకు నమ్మకం పోయింది, ఇంక నింపాలనిపించలేదు. నువ్వు ఈ ఫీజు కోసం ఇంకో సేవింగ్స్ ఖాతా తెరువు. దాన్ని ఫోన్‌లో యూపీఐకి కలపకు. ఆ ఖాతాలో పడ్డట్టు మెసేజ్ వచ్చాక రంగు వెయ్యి, గడి మూలన తారీఖు రాయి.

మధ్యలో తియ్యాల్సి వస్తే? వస్తుంది, పిల్లలున్న ఇల్లు. జ్వరమొస్తే టెన్షన్ పడి ఆగిపోకు, తియ్యి. రంగు చెరపకు, కాగితం చించకు. తీసిన గళ్ళ మీద అడ్డంగా ఒక గీత పెట్టి, ఎందుకు తీశావో పక్కన ఒక్క ముక్క రాయి: "ఆగస్టు, చిన్నవాడి మందులు." తిరిగి వేసినప్పుడు అదే గడికి ఇంకో రంగు వెయ్యి. అలా రెండు రంగులున్న గళ్ళు నా కాగితాల్లో చాలా ఉన్నాయి. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ ధైర్యం వస్తుంది.

నెట్‌లో 52 వారాల కాగితం ఒకటి బాగా తిరుగుతోంది. మొదటి వారం 10, రెండో వారం 20, అలా 52వ వారానికి 520. మొత్తం 13,780 అవుతుంది. బాగానే ఉంటుంది గానీ, మొదటి నాలుగు వారాలకి కలిపి వంద రూపాయలే, చివరి నాలుగు వారాలకి 2,020. జనవరిలో మొదలుపెడితే ఆ బరువంతా డిసెంబరులో పడుతుంది. సంక్రాంతి బట్టలు, ఊరికి టికెట్లు అప్పుడే కదా. ఎప్పుడైనా వాడాలనుకుంటే వరసగా పోకు. ఆ వారం చేతిలో ఎంతుంటే ఆ అంకె ఉన్న గడి నింపు. మొత్తం మారదు.

బొమ్మ ఎంచుకునేటప్పుడు గళ్ళు లెక్కపెట్టడానికి వీలుగా ఉన్నది తీసుకో. సీసా బొమ్మ, థర్మామీటర్ బొమ్మ చూడటానికి ముచ్చటగా ఉంటాయి, మధ్యలో గీతలు లేకపోతే ఎంత నిండిందో తెలియదు. జిరాక్స్ షాపులో నలుపు తెలుపు ప్రింట్ చాలు, రంగు నువ్వే వేస్తావు. ఫ్రిజ్ తలుపు మీదో బీరువా తలుపు లోపలి వైపో అంటించు. వచ్చేపోయేవాళ్ళు ఎక్కువైతే బీరువానే నయం. ఇంట్లో ఎంత ఉందో బయటివాళ్ళకి తెలిస్తే చేబదులు అడుగుతారు, కాదనడం నీకు రాదు. అల్లుడు గారికి మాత్రం తప్పకుండా చూపించు, వారానికో గడి ఆయన చేత నింపించు.

నాకు బాగా ఇష్టమైనది ముగ్గు కాగితం. పోస్టాఫీసులో ఆర్.డి., అంటే నెలనెలా కొంత కట్టే పొదుపు ఖాతా, కట్టినప్పుడు అలా చేశాను. అది అయిదేళ్ళది, 60 వాయిదాలు, నెలకి వంద నుంచి కట్టొచ్చు. తొమ్మిది చుక్కలు పెట్టి, అయిదు వచ్చేదాకా సందు చుక్క పెడితే సరిగ్గా 61 చుక్కలు. నెల కట్టగానే ఒక చుక్క చుట్టూ మెలిక తిప్పేదాన్ని. 61వ చుక్క డబ్బు చేతికొచ్చిన రోజుకి. ఖాతా పదిహేనో తారీఖులోపు తెరిస్తే ప్రతి నెలా పదిహేనులోపే కట్టాలి, తప్పితే వందకి రూపాయి చొప్పున జరిమానా. నాలుగు నెలలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. అందుకే పదో తారీఖు వచ్చినా చుక్క ఖాళీగా ఉందంటే నా కాళ్ళు నిలిచేవి కావు. ఈ ఫీజు గండం దాటాక నీకూ ఒకటి గీసి ఇస్తాను.

నాలుగో వరస, అయిదో వరస దగ్గర మనసు జారుతుంది. మొదటి ఉత్సాహం పోతుంది, చివర కనబడదు. అక్కడిదాకా నిండినవి లెక్కపెట్టుకో, 48 దాటాక మిగిలినవి లెక్కపెట్టు. పెద్దదాని చేత రంగు వేయించు, సంతోషపడుతుంది. ఈ వారం ఎందుకు వెయ్యలేదమ్మా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. వాళ్ళ వల్లే ఖర్చవుతోందని మాత్రం ఎప్పుడూ అనకు, పసిమనసులో ఉండిపోతుంది.

ఈ కవరులోనే 96 గళ్ళ కాగితాలు రెండు పెట్టాను, స్కేలు పెట్టి నేనే గీశాను. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుంది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఎన్ని గళ్ళు అని మాత్రమే అడుగుతాను.

మీ అత్త